అమ్మ తినేంతసేపు

ఈ దేశంలో ఏ పెట్రోలు బంకులో కాలు పెట్టినా ముందుగా నా ముక్కుకు తగిలేది పెట్రోలు వాసన కాదు. కౌంటర్ పక్కన గాజుపెట్టెలో పొద్దుటి నుంచి వెచ్చగా కూర్చుని, పైపొరలు ఎండి, అడుగున కొవ్వు కరిగి, ఎవరో ఒకరు కొనకపోతారా అని ఎదురుచూసే, మైదా డిప్పల్లో కీమా కూరి కాల్చిన 'పై'ల వాసన. టౌరంగాలో ఆసుపత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతూ మొన్న బంకులో ఆగినప్పుడు కూడా అదే వాసన. ఎంత వయసొచ్చినా అది తగలగానే నేను తొమ్మిదేళ్ళ పిల్లనైపోతాను. గోడలు దగ్గరికి జరిగినట్టుంటుంది, ఎక్కడో గంట మోగబోతున్నదని వీపు నిటారుగా అవుతుంది. చాలామందికి చిన్ననాటి వాసనలంటే హాయి, నాకు మాత్రం ఉక్కపోత.

ఎందుకంటే అలాంటి గాజుపెట్టె ఒకటి నా తలగడకు సరిగ్గా గోడ అవతల ఉండేది. న్యూ లిన్ అనే నగర శివారులో మా బాపు కొన్న దుకాణం అది. వీధి మూలన ఉండే చిల్లర దుకాణాన్ని ఇక్కడివాళ్ళు డెయిరీ అంటారు. బర్రెలూ ఉండవు, పాడీ ఉండదు, పాలసీసాల పక్కన బ్రెడ్డు, చిప్స్, సిగరెట్లు, పుట్టినరోజు కార్డులు, కుక్కల బిస్కట్లు ఉంటాయి. ముందు దుకాణం, వెనక మా ఇల్లు, మధ్యన ప్లాస్టిక్ పట్టీల తెర. కరీంనగర్‌లో మూడో తరగతి సగంలో ఆపించి నన్ను ఈ దేశానికి తీసుకొస్తూ "దుకాణంలనే ఇల్లు బిడ్డా" అని బాపు గొప్పగా చెప్తే, ఇక రోజంతా చాక్లెట్లే అనుకుని ఎగిరి గంతేశాను. దుకాణంలో ఇల్లు అంటే ఇంట్లో కూడా దుకాణమే అని తెలియడానికి వారం పట్టలేదు.

దుకాణం గుమ్మానికి అటూ ఇటూ మోకాలి ఎత్తులో చిన్న నల్లని డబ్బాలు రెండు ఉండేవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి కంటికి కనపడని కిరణం ఒకటి పోతూ ఉంటుందట. ఎవరైనా దానికి అడ్డం వస్తే లోపల మా వంటింట్లో టింగ్ టాంగ్ అని మోగేది. మా బతుకులో ఏ పనినీ అది నిండుగా సాగనివ్వలేదు. అమ్మ నాకు జడ వేస్తుంటే మూడో పాయ దగ్గర మోగేది, చెల్లెకు కథ చెప్తుంటే రాక్షసుడు వచ్చే చోట మోగేది, అన్నింటికన్నా ఖాయంగా అమ్మ అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోటి దగ్గరికి తెచ్చేవేళకు మోగేది. బాపు ఉంటే హోల్‌సేల్ మార్కెట్లో ఉండేవాడు, లేకపోతే తెల్లవారకముందే బ్రెడ్డు దింపించుకున్న అలసటకు గోడకు ఆనుకుని కునుకు తీస్తుండేవాడు. అమ్మ చెయ్యి కడుక్కుని, టవలుకు తుడుచుకుని, తెర దాటేలోపు మొహానికి ఒక నవ్వు తెచ్చుకుని "హాయ్, హౌ ఆర్ యు" అనేది. ఆ నాలుగు ముక్కలే ఆమెకు మొదట వచ్చిన ఇంగ్లీషు. తిరిగొచ్చేసరికి అన్నంలో పచ్చిపులుసు ఇంకిపోయి ముద్ద గట్టిపడేది. అలా గట్టిపడ్డ అన్నాన్ని వేళ్ళతో విడదీసుకుంటూ, ఎప్పుడో ఒకప్పుడు ఎవరితోనూ కాకుండా, గోడతో అన్నట్టు అనేది: "నేను కూసోవాలె. ఎవరన్న ఒక పళ్ళెం తెచ్చి నా ముందర పెట్టాలె. అది మొత్తం తినేదాంక నేను లేవొద్దు. గంతే."

రుతువులు కూడా మాకు అద్దాల తలుపు అవతలి నుంచే తెలిసేవి. ఎండాకాలమంటే స్కూలు వదిలిన పిల్లలు కరుగుతున్న ఐస్ పుల్లలతో నేలంతా జిగట చేసే కాలం. చలికాలం మొదట్లో పెరట్లో ఫెజోవాలు తెగ కాసి ఏం చేసుకోవాలో తెలియని గిరాకీలు సంచులకొద్దీ మా కౌంటర్ మీద పెట్టిపోతే, దుకాణమంతా జామపండుకూ అత్తరుకూ పుట్టినట్టున్న ఆ పండు వాసన నిండిపోయేది. వానాకాలమంటే దగ్గు బిళ్ళలు. ఆటలకు చిప్స్ అట్టపెట్టెలే మాకు ఇళ్ళు, కోటలు, రైళ్ళు. చుట్టుపక్కల డెయిరీల్లో కత్తులు చూపించి సిగరెట్లు ఎత్తుకుపోయిన వార్తలు వచ్చినప్పటినుంచి, కాలిబాట మీద ఎర్రగీత దాటి పోవద్దని బాపు మాకు కట్టుదిట్టం చేశాడు. ఆ గీత ఆయనే రంగేసి గీశాడు. దాని ఇవతల నేనూ చెల్లె నిలబడి, రైలు స్టేషన్ వైపు పోయే బస్సుల మీద రాసి ఉన్న పేర్లు చదువుకునేవాళ్ళం.

అయితే బయటకు పోవాలన్న ఆశ మాకంటే బాపుకే ఎక్కువ. కౌంటర్ వెనక, సిగరెట్ల అలమర పక్కన, చిప్స్ తెచ్చే వ్యాన్ డ్రైవరు ఇచ్చిన టూరిస్టు మ్యాపు ఒకటి అంటించుకున్నాడు. అందులో ప్రతి చిన్న ఊరి మీదా అక్కడ దొరికే తిండి బొమ్మ ఉండేది: ఒకచోట క్యారెట్, ఒకచోట కివీపండు, ఒకచోట చీజు ముక్క, ఒకచోట నత్తగుల్లల గిన్నె. పాలకోసం వచ్చే ముసలాయన ఫలానా ఊళ్ళో కీమా పై తినాలని చెప్తే, బాపు ఆ ఊరి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టేవాడు. కొన్నాళ్ళకు ఆ సున్నాలే ఆయన చదువు అయిపోయాయి. సెలవులకు పోతున్నామని ఏ గిరాకీ అన్నా, "ఆ దారిల చేపలు పొగబెట్టి అమ్ముతరు, అది తినకుంట రావద్దు" అన్న అర్థం వచ్చేలా తన ఇంగ్లీషులో గట్టిగా సిఫారసు చేసేవాడు, తనేదో నిన్ననే తిని మూతి తుడుచుకుని వచ్చినట్టు.

వచ్చిన మొదటి రెండేళ్ళూ మా దుకాణం ఒక్కరోజూ మూయలేదు. మూడో ఏడు క్రిస్మస్ ముందురోజు అమ్మ చిప్స్ పెట్టె మూత చింపి, నాతో దాని మీద మార్కర్‌తో 'రేపు సెలవు' అని ఇంగ్లీషులో రాయించి, తనే పోయి అద్దానికి అంటించింది. బాపు దాన్ని బయటికి పోయి చదివాడు, లోపలికి వచ్చి వెనకనుంచి చూశాడు, గడ్డం గోక్కున్నాడు. అమ్మ కదలకుండా నిలబడి ఉంది. చివరికి ఆయన చూపు మ్యాపు మీదికి పోయింది.

"సరే. మరి ఎటు వోదాం?" అన్నాడు.

ఆ రాత్రి సంబరానికి మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్రలేదు. అమ్మ సర్వపిండి కాల్చింది, చింతపండు పులిహోర కలిపింది, మామిడికాయ తొక్కు సీసాలోకి ఎత్తింది. ఇవన్నీ ఎందుకు, అక్కడ కొనుక్కుని తినడానికే కదా పోతున్నామని నేనంటే, సద్ది లేకుండా ప్రయాణం ఏమిటని నన్నే కసిరింది. పొద్దున పెట్టెలోంచి మెరూన్ పట్టుచీర తీసి కట్టుకుంది. దుకాణంలో ఆమెను ఎప్పుడూ ఉన్ని జాకెట్టులోనే చూసిన మా కళ్ళకు ఎవరో చుట్టాలావిడ వచ్చినట్టనిపించింది. సరుకుల వ్యాన్‌లో వెనక సీట్లకు లోపలినుంచి తెరుచుకునే తలుపులు లేవు, కిటికీ అద్దాలు దిగవు. ఎండలో కాగిన ఆ డబ్బాలో సర్వపిండి వెల్లుల్లి వాసన, పాత పైల వాసన, చెల్లె కక్కు వాసన కలిసి రెండు గంటలు మా తోడు వచ్చాయి. బాపు ప్రతి మలుపుకూ చొక్కా జేబు తడుముకునేవాడు. దుకాణం తాళంచెవి అందులో ఉండేది.

మొదట పోయింది పేరోవా. ఆ ఊరి నిమ్మసోడాకు పెద్ద పేరు. ఊరి మధ్యన తాటిచెట్టంత సోడాసీసా కట్టి నిలబెట్టారు. దాని చుట్టూ వీధులన్నీ ఖాళీ. ఒక్క దుకాణం తెరిచిలేదు, కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి, రోడ్డు మీద ఒక కుక్క మాత్రం మమ్మల్ని చూసి లేవబోయి మళ్ళీ పడుకుంది.

"వేర్ ఈజ్ ఎవ్రీబడీ?" అన్నది చెల్లె. తనకు ఊహ తెలిసింది ఇక్కడే, మాటలన్నీ ఇంగ్లీషువే.

"పండుగ గదా, లేట్‌గ తెరుస్తరు," అన్నాడు బాపు.

ఆయన లెక్క ఆయనది. పండుగంటే బజారు కిటకిటలాడాలి. మా ఊళ్ళో దసరా నాడు మిఠాయి దుకాణం మూసినవాడిని ఎవరైనా చూశారా? పైగా తన దుకాణం రెండు క్రిస్మస్‌లు తెరిచే ఉంది, రెండుసార్లూ గిరాకీ పోటెత్తింది. దేశమంతా అలాగే కళకళలాడుతుందనుకున్నాడు. మిగతా అన్నీ మూసి ఉండబట్టే జనమంతా తన మీద పడ్డారని ఆ సోడాసీసా నీడలో నిలబడేదాకా ఆయనకు తట్టలేదు. మేము ఒక్కరోజు మూస్తాం. ఆ ఒక్కరోజే దేశమంతా మూస్తుంది. అమ్మ గడ్డి మీద దుప్పటి పరిచి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, అందరికీ తనే పులిహోర వడ్డించింది.

తెలిసిన తర్వాతైనా మానాలి కదా. మానలేదు, ఎందుకంటే మాకు ఇంకో రోజు లేదు. మరుసటి ఏడు ఒహకునే పోయి, ఇంటికంటే ఎత్తున్న క్యారెట్ బొమ్మ కింద సర్వపిండి తిన్నాం. ఆ పై ఏడు టౌరంగా దగ్గర, అడ్డంగా కోసిన కివీపండు ముక్కలా కట్టిన పెద్ద బొమ్మ కింద పెరుగన్నం తిన్నాం. దారిలో ప్రతి ఊళ్ళోనూ బాపు వ్యాన్ ఆపేవాడు. మూసిన హోటలు అద్దానికి ముక్కు ఆనించి, లోపల గోడమీది పలక చదివి మాకు వినిపించేవాడు: "గుమ్మడికాయ సూపు ఉన్నదట. చేపల వడలు ఉన్నయట. అబ్బ, ఆప్రికాట్ కేకు!" పెండ్లి భోజనాల వరస చదివినట్టుండేది. అమ్మ వ్యాన్‌లోంచే "చదివింది చాలు, ఇగ రాండ్రి" అనేది. దారిపొడుగునా పొహుటుకావా చెట్లు ఎర్రగా పూసి ఉండేవి, ఇళ్ళ వెనక పెరళ్ళలోంచి మాంసం కాల్చే పొగా నవ్వులూ వచ్చేవి. ఆ రోజు దేశంలో అందరూ ఏదో ఒక ఇంటి లోపల ఉండేవారు, మేమొక్కళ్ళమే రోడ్డు మీద, అదీ తలుపులు తెరుచుకోని బండిలో. ఆ ఊళ్ళ మీద నాకు పట్టరాని కోపం వచ్చేది. అమ్మకు రాలేదా అంటే, వచ్చే ఉంటుంది. ప్రతిసారీ ఇంటికి చేరి పట్టుచీర మడతపెడుతూ "వచ్చే యేడు చూద్దాం" అని మాత్రం అనేది.

నాకు పదమూడు నిండిన ఏడాది, టౌరంగా ఇవతల ఒక చిన్న ఊళ్ళో, మూసిన దుకాణాల వరస చివర ఒక జెండా ఎగురుతూ కనిపించింది. 'ఓపెన్' అని ఉంది దాని మీద. బాపు బ్రేకు తొక్కిన తొక్కుడుకు తొక్కు సీసా దొర్లి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. అది కూడా మాదిలాంటి డెయిరీనే. గుజరాతీ ఆవిడ ఒకామె, అమ్మ ఈడుదే, ఒంటరిగా కౌంటర్ వెనక నిలబడి ఉంది. అన్నింటికన్నా గొప్ప సంగతి, ఆ ఊరు మ్యాపులో ఉంది. ఆ చుట్టుపక్కల తోటల్లో పండే ముదురు ఊదారంగు బెర్రీలను వెనిలాతో కలిపి, యంత్రంలో మెలికలు తిప్పి తీసే ఐస్‌క్రీం ఆ ఊరి ప్రత్యేకత. బాపు ఆ యంత్రాన్ని చూసి గుడిలో దేవుణ్ణి చూసినట్టు నిలబడిపోయాడు.

అమ్మ తన హైదరాబాదు హిందీలో పలకరించింది. ఆవిడ అమ్మ పట్టుచీరను కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా చూసింది. "బయట కూర్చో బెహన్, నేను తెస్తాను" అన్నది హిందీలో. చూరు కింద ఒక ప్లాస్టిక్ బల్ల, రెండు కుర్చీలు ఉన్నాయి. అమ్మ కూర్చుంది. కుర్చీ అంచున కాదు, వీపు ఆనించి కూర్చుంది. మాకు కోనుల్లో పెట్టిచ్చిన ఆవిడ, అమ్మకు మాత్రం లోపలి తన ఇంట్లోంచి గాజుగిన్నె తెచ్చి, అందులో వేసి, చెంచా పెట్టి, బయటికి నడిచివచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ మొహంలోకి నేను ఎప్పుడూ చూడని సిగ్గు వచ్చింది. చెంచా ముంచి, ఒక ఊదారంగు ముద్ద తీసి, నోటిదాకా తెచ్చింది.

టింగ్ టాంగ్.

అదే గంట. అవే నల్ల డబ్బాలు, అదే కిరణం. దేశంలో డెయిరీలన్నింటికీ ఒకడే అమ్మాడో ఏమో. అమ్మ లేచి నిలబడింది. చేతిలో చెంచా, మొహం మీద ఆ నవ్వు. "హాయ్, హౌ ఆర్ యు" అన్నది, తలుపు దాటుతున్న ఎవరో తెలియని పెద్దాయనతో. ఆయన మెర్రీ క్రిస్మస్ చెప్పి పాల కోసం లోపలికి పోయాడు.

చెల్లె పకపకా నవ్వింది. గుజరాతీ ఆవిడ కూడా నవ్వబోయి, అమ్మను చూసి ఆపుకుంది. వచ్చి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి నొక్కి కూర్చోబెట్టి తన గిరాకీ దగ్గరికి పరుగెత్తింది. ఆ పెద్దాయన బయటికి వస్తుంటే మళ్ళీ మోగింది. అమ్మ ఈసారి సగమే లేచింది. తర్వాత చెంచా గిన్నెలో పెట్టేసి, "నాతోని కాదు" అన్నది, ఏడుపు గొంతుతో. "నేను ఎక్కడికి వోయిన అదే వస్తది నా ఎనుక."

బాపు తన కోను నాకిచ్చాడు. నడుచుకుంటూ పోయి గుమ్మంలో, సరిగ్గా ఆ డబ్బాల మధ్యన నిలబడ్డాడు. ఆయన అడ్డం రాగానే ఒకసారి మోగింది. ఆ తర్వాత మోగలేదు. కిరణానికి అడ్డం పడి మనిషి అక్కడే నిలబడి ఉంటే గంటకు ఇక తెలియదు, ఎవరు వచ్చినా, ఎవరు పోయినా. బ్రెడ్డు కోసం ఒకరు, బ్యాటరీల కోసం ఒకరు, ఆయన భుజం పక్కనుంచి ఒరుసుకుంటూ లోపలికి పోయారు. ఆయన 'సారీ సారీ' అంటూ పొట్ట లోపలికి పీల్చుకున్నాడే గాని కాళ్ళు కదపలేదు. మొహం మాత్రం ఆకాశం వైపు పెట్టాడు, వాన వస్తుందా రాదా అని చూస్తున్నట్టు.

అమ్మ ఆయన వీపునే చూస్తూ తిన్నది. సగం కరిగిపోయింది, అయినా గిన్నె అడుగు గీరేదాకా తిన్నది.

తిరుగుదారిలో చాలాదూరం పోయాక బాపు అడిగాడు: "ఎట్లుండె?"

"ఏమో," అన్నది అమ్మ. "కూసుంటే మంచిగనే అనిపించింది."

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. దుకాణం అద్దం పగిలి నేలంతా పరుచుకుని ఉంది. సిగరెట్ల అలమర ఖాళీ, మ్యాపు సగం చిరిగి వేలాడుతోంది, తీగలు ఊడి ఒకదానికొకటి తగులుకుని గంట ఊరికే మోగుతూనే ఉంది. 'రేపు సెలవు' అట్టముక్క గాజుపెంకుల మధ్య బోర్లా పడి ఉంటే అమ్మ వంగి తీసింది. మేమెవరమూ లేమని ఊరందరికీ చెప్పింది ఆ అట్టముక్కే కదా. దాన్ని నాలుగుగా మడిచి చెత్తబుట్టలో వేసి, "ఇగ మూసుడు వద్దు" అన్నది. బాపు వద్దనలేదు. దుకాణం అమ్మేసేదాకా, అంటే నా చదువూ చెల్లె చదువూ అయ్యేదాకా, ఆ తలుపులు ఇంకొక్క రోజు కూడా మూసుకోలేదు.

కానీ మరునాటి నుంచి ఒక కొత్త అలవాటు వచ్చింది. అమ్మ లోపల కంచం ముందు కూర్చోగానే బాపు కునుకైనా మానుకుని లేచి, పోయి గుమ్మంలో డబ్బాల మధ్య నిలబడేవాడు. అమ్మ తినేంతసేపు అక్కడే. వచ్చినవాళ్ళను ఒరుసుకుని రానిచ్చి, కౌంటర్ దగ్గర నన్ను నిలబెట్టేవాడు. గాలికి నిలబడ్డాడని గిరాకీలు అనుకునేవారు. చేయి కడిగిన నీళ్ళ చప్పుడు వినగానే పక్కకు జరిగేవాడు.

న్యూ లిన్‌లో మా దుకాణం ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఎర్రగీత గీసిన కాలిబాట తవ్వేశారు. అమ్మా బాపూ టౌరంగాలో నా దగ్గరే ఉంటున్నారు. బాపుకు ఈమధ్య పేర్లు గుర్తుండటం లేదు, నన్ను చెల్లె పేరుతో, చెల్లెను నా పేరుతో పిలుస్తాడు. పోయిన నెల ఒక మామూలు మంగళవారం నాడు సెలవు పెట్టి ఇద్దరినీ కారెక్కించి ఆ ఊరికి తీసుకుపోయాను. గుజరాతీ ఆవిడ డెయిరీ లేదు, ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఆ గదిలో ఇప్పుడు పెద్ద అద్దాల కెఫే ఉంది. అన్నీ తెరిచి ఉన్నాయి. ఒక పిల్ల నవ్వుతూ వచ్చి, బెర్రీల కేకూ దానిపక్కన ఊదారంగు ఐస్‌క్రీమూ ఉన్న పళ్ళెం అమ్మ ముందు పెట్టింది. దానికోసమే కదా నేను వీళ్ళను తెచ్చింది అని కడుపు నిండినట్టయింది నాకు.

అమ్మ చెంచా అందుకుంది. బాపు కుర్చీ వెనక్కి జరిపాడు. బల్ల పట్టుకుని, మోకాళ్ళ మీద బరువు మోపి లేచి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోయి గుమ్మంలో నిలబడ్డాడు, మొహం ఆకాశం వైపు పెట్టి. ఆ గుమ్మానికి డబ్బాలు లేవు, కిరణం లేదు, గంట అసలే లేదు. వచ్చేవాళ్ళు 'ఎక్స్‌క్యూజ్ మీ' అంటూ పక్కనుంచి దూరుతున్నారు, ఆయన పొట్ట పీల్చుకుంటున్నాడు. నేను లేవబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ బిడ్డా. నేను తినేదాంక ఆడనే ఉంటడు."

"నువ్వు మెల్లగ తినమ్మా. ఇయ్యాల మనకు తొందర లేదు."

అమ్మ గుమ్మం వైపు చూసింది. "ఆయన మోకాళ్ళు నొస్తయి," అని, చెంచా నిండా తీసుకుని గబగబా తినసాగింది.